అడ్డ కడ్డీ

"గాజులకి ఆర్డరిచ్చావా?"

మూడు వారాలుగా ఫోన్లో మా అమ్మ మొదటి ప్రశ్న ఇదే. తిన్నావా, అమ్మాయి ఫోన్ చేసిందా అన్నవన్నీ దాని తర్వాతే. నేనేమో "ఆ, చూస్తున్నానమ్మా" అనేసి, పొయ్యి మీద పప్పు మాడుతోందనో, ఎవరో తలుపు కొడుతున్నారనో చెప్పి పెట్టేస్తున్నాను. చూస్తున్నమాట నిజమే. కాకపోతే చూస్తున్నవి గాజులు కావు.

సంగతేమిటంటే, మొన్న సంక్రాంతికి మా నాన్నగారు కాలవ అవతలున్న అరెకరం అమ్మేశారు. ఆయనకిప్పుడు 78 ఏళ్ళు. చేయించే ఓపిక లేదు, కౌలు లెక్కలతో వేగలేనన్నారు. వచ్చిన దాంట్లో మా అక్కకీ నాకూ చెరో లక్షన్నర పసుపు కుంకుమ కింద బ్యాంకులో వేశారు. "నీకంటూ ఏదైనా కొనుక్కో. ఇంట్లోకి ఖర్చు పెట్టకు" అన్నారు. పక్కనుంచి అమ్మ, "చేతులు బోసిగా ఉంటాయి, సన్నటివైనా సరే ఒక జత గాజులు చేయించుకో" అంది. అక్క చేయించేసుకుంది కూడా. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది.

నేను మాత్రం ఆ "నీకంటూ" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకంటూ ఏం కొనుక్కున్నానా అని లెక్కేసుకున్నాను. గ్రైండరు, కుక్కర్లు ఇంటికి. పట్టుచీరలు పెళ్ళిళ్ళకి. బంగారం అమ్మాయికి. మీరూ ఒకసారి లెక్కేసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

నాకు కావలసింది సైకిలు.

నవ్వకండి. అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళిపోయాక ఇల్లు ఒక్కసారిగా బావురుమంది. గరాజ్‌లో దాని పాత సైకిలు ఉంటే దుమ్ము దులిపి వీధి చివరిదాకా తొక్కాను. తర్వాత పార్కుదాకా, ఆ తర్వాత పది మైళ్ళు. మేముండేది కాన్సస్ సిటీ పక్కన. ఇక్కడ ఊరు దాటితే చాలు, తారు రోడ్డు ఆగిపోయి కంకర రోడ్లు మొదలవుతాయి, మైలుకొకటి చొప్పున గళ్ళనోటు పుస్తకంలో గీతల్లాగా. మన ఊళ్ళల్లో "రోడ్డుకి గ్రావెలు తోలారు" అంటాం చూడండి, ఆ గ్రావెలే. ఈ రోడ్ల కోసమే పుట్టినవి గ్రావెల్ సైకిళ్ళు. వంగిన కొమ్ముల హ్యాండిలుతో చూడ్డానికి పందెం సైకిల్లాగే ఉంటుంది గానీ, టైర్లు లావు, ఫ్రేము కాస్త నిదానం. తారు మీదా పోతుంది, కంకరలోనూ పోతుంది.

పడమరగా రెండు గంటలు కారులో పోతే ఫ్లింట్ హిల్స్ వస్తాయి. చెకుముకి రాయి కొండలు, నిలువెత్తు గడ్డి. అక్కడ ఎంపోరియా అనే చిన్న ఊళ్ళో 2006లో 34 మందితో మొదలైన కంకర సైకిలు పందేనికి ఇప్పుడు వేలమంది వస్తున్నారు. ముఖ్యమైన పందెం 200 మైళ్ళు. నేనా పందెం జోలికి పోను లెండి. నాది ఒట్టావా నుంచి ఐయోలా దాకా ఉన్న ప్రెయిరీ స్పిరిట్ ట్రెయిల్. పాత రైలు కట్ట అది. పట్టాలు తీసేసి సున్నపురాయి రజను పరిచారు. 51 మైళ్ళు, చెట్ల నీడన.

అమ్మాయి సైకిలు నన్ను రెండుసార్లు మోసం చేసింది. ఒకసారి వదులు కంకరలో దిగుతుంటే సన్న టైరు జర్రున జారి మణికట్టు బెణికింది. రెండు వారాలు మా వారి చేతి ఉప్మా. ఇంకోసారి ముందురోజు వాన పడిన మట్టి రోడ్డెక్కాను. బురద టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని పిడకలా గట్టిపడి, చక్రం తిరగనంది. మైలు దూరం సైకిల్ని నేను మోశాను. పెద్దవాళ్ళకీ ఇది తప్పదట. 2023లో ఎంపోరియా పందెంలో మొదట్లోనే బురద అడ్డుపడి, ఆరితేరిన వాళ్ళు కూడా సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు. ఆ రోజు ఒకటి తెలిసింది. ఫ్రేములో టైరు చుట్టూ ఎంత ఖాళీ వదిలారన్నది బొమ్మలో కనపడదు గానీ, రోడ్డు మీద అదే ముఖ్యం.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. మా నాన్నగారు బడిపంతులు. ఆయనకో నల్ల సైకిలుండేది, పెద్ద ఫ్రేము, మధ్యలో అడ్డ కడ్డీ. ఏడో తరగతిలో నేను ఆ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళు పక్కకి వంచి, సగం సగం పెడలు తొక్కుతూ కాలవ గట్టు మీద నేర్చుకున్నాను. మోకాళ్ళ మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కడ్డీ మీదుగా కాలు వేసి సీటెక్కే ఎత్తు వచ్చేసరికి పెద్దమనిషినయ్యాను. "ఇంక ఆడపిల్ల అడ్డ కడ్డీ సైకిలెక్కితే బాగోదు" అన్నది అమ్మో నాయనమ్మో కాదు, నాన్నగారే. లేడీస్ సైకిలు కొంటానన్నారు. ఆ ఏడాది కాదు, వచ్చే ఏడాది అన్నారు. ఆ తర్వాత అక్క పెళ్ళి వచ్చింది. తమ్ముడికి మాత్రం కాలేజీలో చేరగానే కొత్త సైకిలొచ్చింది. ఆయన జీతమెంతో నాకు తెలుసు, అయినా ఆ సైకిలు చూసినప్పుడు కలిగిన కోపం మరిచిపోయానని చెప్పలేను.

సరే, మా వారికి చెప్పాను. ఆయనకి ఏది కొన్నా ముందు కంప్యూటర్లో ఒక పట్టిక తయారు కావాలి. మిక్సీ కొన్నా అంతే, ఇల్లు కొన్నా అంతే. రెండు రోజుల్లో పట్టిక సిద్ధం. కార్బన్ ఫ్రేము కిలో చిల్లర, అల్యూమినియం కిలోన్నర, స్టీలు రెండు నుంచి రెండున్నర కిలోలు. "కార్బనే బెస్టు. డబ్బు చాలకపోతే నేను కలుపుతాను. ఈ రోజుల్లో ఇనుప సైకిలు ఎవరు కొంటారు?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ పట్టికలో నా ఎత్తు లేదు, నేను ఎక్కడికి వెళ్తానో లేదు.

మొదట వెళ్ళిన దుకాణంలో కుర్రాడు మా వారితోనే మాట్లాడాడు. సైకిలు ఎవరికని అడిగాక నన్ను కింద నుంచి పైదాకా చూసి, లేత గులాబీ రంగుది ఒకటి తెచ్చాడు. అడ్డ కడ్డీ మీదుగా కాలు వేసి నిలబడితే మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. "సీటు దించేస్తే సరిపోతుంది" అన్నాడు. సీటు దించాడు గానీ, కడ్డీ దిగదు కదా! ఏడో తరగతి గుర్తొచ్చింది. బయటికొచ్చేశాను.

రెండో దుకాణం చిన్నది, ఊరి పాత బజారులో. అరవై దాటిన ఒకావిడ చేతులకి గ్రీజుతో చక్రానికి చువ్వలు బిగిస్తోంది. నన్నే అడిగింది, మూడే ప్రశ్నలు. "ఎక్కడ తొక్కుతారు? ఏం మోస్తారు? ఎన్నాళ్ళు ఉంచుకుందామని?"

"రైలు కట్ట మీదా, కంకర రోడ్ల మీదా. నీళ్ళు, తిండి డబ్బా, రెయిన్‌కోటు. ఉంచుకోవడం అంటే... నేనున్నన్నాళ్ళూ" అన్నాను.

ఆవిడ నవ్వి, "అయితే స్టీలు చూద్దాం. అంతకంటే ముందు మిమ్మల్ని కొలుద్దాం" అంది.

ఈ కొలత మీరూ ఇంట్లో తీసుకోవచ్చు. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడాలి. అట్ట పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు నుంచి నేలదాకా టేపు పెట్టాలి. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, ఈ కాలి కొలత 71. అడ్డ కడ్డీ నేల నుంచి ఎంత ఎత్తో కంపెనీలు రాసి పెడతాయి. మన కొలత కంటే అది కనీసం రెండు మూడు సెంటీమీటర్లు తక్కువుండాలి. గులాబీ సైకిలుది 76 అట. మునివేళ్ళ మీద నిలబడ్డానంటే నిలబడనా మరి!

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నాకు జాకెట్టు కొలతల్లాగే అనిపించాయి. టైలరు దగ్గరికెళ్ళి "నా ఎత్తు ఐదడుగుల ఒకంగుళం, జాకెట్టు కుట్టు" అనం కదా. భుజం వేరు, చుట్టుకొలత వేరు, చెయ్యి పొడుగు వేరు. ఫ్రేముకీ అంతే. హ్యాండిలు ఎంత ఎత్తులో వస్తుందన్నది ఒక కొలత, ఎంత ముందుకి సాగి అందుకోవాలన్నది ఇంకో కొలత. సీటు దించడం అంటే వదులు జాకెట్టుకి కింద మడత పెట్టినట్టు. భుజం జారేది జారుతూనే ఉంటుంది. హ్యాండిలు దూరమైతే మెడ, భుజాలు, అరచేతులు పట్టేస్తాయి. అమ్మాయి సైకిలు మీద పదిహేను మైళ్ళకి నా చేతులు తిమ్మిరెక్కేది వయసు వల్ల కాదన్నమాట. అది నాకంటే నాలుగంగుళాలు పొడుగు.

పొట్టివాళ్ళకి ఇంకో చిక్కుంది. చిన్న ఫ్రేముకి పెద్ద చక్రాలు బిగిస్తే, మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బొటనవేలు ముందు చక్రానికి తగులుతుంది. అందుకే చిన్న సైజులకి కొన్ని కంపెనీలు 650బి అనే కాస్త చిన్న చక్రాలు వేస్తాయి. పెడలు కాడ కూడా అంతే. నా కాళ్ళకి 165 మిల్లీమీటర్లది చాలట.

ఇంక స్టీలు సంగతి. ఇనుము అంటే నాన్నగారి సైకిలే కళ్ళముందు మెదిలింది, ఇరవై కిలోల బరువు. ఇది ఆ ఇనుము కాదట. క్రోమోలీ అంటారు. ఇనుములో సుమారు ఒక శాతం క్రోమియం, అందులో ఐదోవంతు మాలిబ్డినం, చిటికెడు కార్బన్ కలుస్తాయి. పులుసులో ఇంగువలాగా, వేసేది కొంచెమే గానీ మొత్తం మారిపోతుంది. దాంతో గొట్టం పలచగా చేసినా బలం తగ్గదు. ఇంకో కిటుకు కూడా ఉంది. బయటికి గొట్టం అంతా ఒకే లావుగా కనిపిస్తుంది. లోపల మాత్రం అతుకు పడే రెండు చివర్లా మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. చివర్ల తొమ్మిది పదోవంతుల మిల్లీమీటరుంటే, మధ్యలో ఆరు పదోవంతులన్నమాట. మధ్యలో వేలితో కొడితే ఖంగుమంది.

"స్టీలైతే కుదుపులు తెలియవటగా?" అన్నాను, అక్కడా ఇక్కడా చదివింది గుర్తుపెట్టుకుని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కొంచెం నిజం, ఎక్కువ కబుర్లు. మీ ఒంటికి తెలిసే కుదుపు టైరు లావూ, గాలీ బట్టి ఉంటుంది. ఏ ఫ్రేము కొన్నా 42 మిల్లీమీటర్లు, అంతకు మించిన టైరు పట్టేది కొనండి. గాలి తక్కువ పెట్టండి." అమ్ముకునే మనిషి ఇలా చెప్పడం నాకు నచ్చింది.

"మరి స్టీలెందుకు?" అంటే, గోడకి ఆనించిన పాత ఫ్రేము ఒకటి చూపించింది. కింది గొట్టానికి సొట్ట, వెనక ఒకచోట కొత్త అతుకు. స్టీలు దెబ్బ తింటే సాధారణంగా ముందు సొట్ట పడుతుంది, వంగుతుంది, మనకి కంటికి కనిపిస్తుంది. పగిలితే చేయి తిరిగిన వాళ్ళు అతుకుతారు. కార్బన్ బలం తక్కువేం కాదు, దాన్నీ బాగుచేసేవాళ్ళున్నారు, కానీ లోపలి బీటని పైనుంచి పట్టుకోవడం కష్టం. అల్యూమినియం అతికితే మళ్ళీ వేడిచేసి పదును పెట్టాలి, అంత ఖర్చెవరూ పెట్టరు. స్టీలు తప్పులూ చెప్పింది. బరువు ఎక్కువ. తుప్పు పడుతుంది, అదీ పైకి కనిపించకుండా లోపల్నుంచి. కొత్తలోనే గొట్టాల్లోపల తుప్పు ఆపే నూనె స్ప్రే చేయించుకోవాలి. కింద నీళ్ళు కారే చిల్లు మూసుకుపోకుండా చూసుకోవాలి.

ఆవిడ మాటలు వింటుంటే, నాన్నగారి సైకిలు వెనక గొట్టం ఒకసారి విరిగితే పక్కూరి గ్యాస్ వెల్డింగు షాపులో గంటలో అతికించుకుని, మర్నాడు అదే సైకిలు మీద బడికి వెళ్ళడం గుర్తొచ్చింది.

ఒక శనివారం రెండు సైకిళ్ళు అరువు తెచ్చుకుని, ఒకే కంకర దిబ్బ మీద ఒకదాని తర్వాత ఒకటి తొక్కాను. మా వారి స్నేహితుడి భార్య ఇచ్చిన కార్బన్‌ది ఒకటి, దుకాణం ఇచ్చిన స్టీలుది ఒకటి. అబద్ధమెందుకు, ఎక్కేటప్పుడు కార్బన్ తేలికే. దూదిపింజలా పోయింది. కానీ మొత్తం తేడా రెండున్నర కిలోలు. దిగేటప్పుడు, వదులు రాళ్ళలో, స్టీలుది లావు టైర్లతో రోడ్డుని పట్టుకుని కూర్చుంది. నేను బ్రేకు మీంచి వేళ్ళు తీశాను. మణికట్టు బెణికాక కంకరలో బ్రేకు వదిలింది అదే మొదటిసారి.

ఆ రాత్రి మా ఇంట్లో చిన్న యుద్ధం. "బంగారమైతే ఏటేటా పెరుగుతుంది. సైకిలు దుకాణం గుమ్మం దాటగానే సగం ధర. పైగా బరువైనదే ఏరుకున్నావు. నీ డబ్బు, నీ ఇష్టం" అన్నారు. ఆ చివరి మాట చివుక్కుమంది. పెరిగే సంగతి ఆయన చెప్పింది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. నేనన్నది ఒక్కటే. "మీ పట్టికలో బరువుంది, ధర ఉంది. నేను దాన్నెక్కి భయం లేకుండా దిగగలనా అన్నది లేదు. ఆ వరస ఒకటి కలపండి." ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ కలుపుకొచ్చి, "దుకాణం ఎన్నింటికి తీస్తారు?" అన్నారు.

పన్నుతో కలిపి 1,740 డాలర్లయింది. నాన్నగారి లక్షన్నరకి ఇంచుమించు సరి. అక్కడి డబ్బు అక్కడే బ్యాంకులో ఉంచి, ఇక్కడ మా వారి ఖాతాలోంచి అంతే తీసుకున్నాను. పెడల్లో పన్లో అంటే ఆవిడ మార్చి ఇచ్చింది గానీ, ఎంచుకున్నది మాత్రం ఫ్రేముని చూసే. చైను, టైర్లు, గేర్లు అరిగేకొద్దీ మారుతూనే ఉంటాయి. మారనిది ఫ్రేమొక్కటే. కాబట్టి మీలో ఎవరైనా కొనదలిస్తే, ముందు మీ కాలి కొలత, తర్వాత హ్యాండిలు ఎత్తూ దూరం, తర్వాత టైరు చుట్టూ బురద పోయేంత ఖాళీ, సంచీలూ సీసాలూ బిగించుకునే మరలున్నాయా లేదా. ఇవి కుదిరాకే రంగు. నా సైజులో మిగిలింది ఒకటే రంగు, పాత చింతపండులా ఉంటుంది. మొదట మొహం చిట్లించాను. ఇప్పుడు బాగానే ఉంది.

నిన్న ఆదివారం అమ్మ ఫోన్. "గాజులకి ఆర్డరిచ్చావా?"

"అమ్మా, ఒకసారి నాన్నగారికివ్వు" అన్నాను. చెప్పేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతున్న శబ్దం మాత్రం వినిపిస్తోంది.

"అడ్డ కడ్డీ ఉందా?" అన్నారు.

"ఉంది నాన్నా."

"అందుతోందా?"

"నా కొలతకే తీసుకున్నాను. నిలబడితే అంగుళం ఖాళీ ఉంది."

"ఇనుముదేనా?"

"ఇనుమే. మన నల్లదానంత బరువుండదు. పన్నెండు కిలోలు."

"మంచిది. విరిగితే అతుకు పడుతుంది." మళ్ళీ కాసేపాగి, "వానలో తడిస్తే తుడిచి నిలబెట్టు. బోర్లించకు, గొట్టాల్లో నీళ్ళు నిలుస్తాయి. సీటు కడ్డీకి కాస్త గ్రీజు రాస్తూ ఉండు, లేకపోతే పట్టేస్తుంది" అన్నారు. దుకాణంలో ఆవిడ చెప్పినవే, మాట కూడా తేడా లేదు. "మీ అమ్మకి నేను చెప్తాలే."

ఆ లేడీస్ సైకిలు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కానీ ఫోను మళ్ళీ అమ్మ చేతికే వెళ్ళింది. ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. "ఈ వయసులో సైకిలేమిటే! పడితే ఎవరు చూస్తారు? ఇంతకీ ఎంత దూరం పోతావు?" అంది.

"ఈ శనివారం గార్నెట్ దాకా. ఇరవై అయిదు మైళ్ళు. మా వారు కారులో వచ్చి ఎక్కించుకుంటారు" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం లెక్కేసుకుంది. "అయితే పెరుగన్నం పట్టుకెళ్ళకు, ఎండకి పులుస్తుంది. పులిహోర కలుపుకో" అంది.